ఎడమ పక్క మూడంగుళాలు

కార్టర్స్ క్రీక్,
ఏప్రిల్ 9, 1996

నార్వెల్ అన్నయ్యకి,

ఫోన్ చేయొచ్చుగా, ఉత్తరమెందుకు అని వదిన అంటుందని తెలుసు. ఫోన్లో నీకు సగమే వినబడుతుంది. ఆ సగం కూడా నీకు నచ్చినట్టు వింటావు. ఇది మాత్రం కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదవాల్సిన సంగతి.

మన పడవ "లవీనియా డైజ్"ని మ్యూజియం వాళ్లు నీళ్లలోంచి తీసి షెడ్డులో దిమ్మల మీద నిలబెట్టారు. అడుగున అంటుకున్న గుల్లలూ నాచూ గోకేసరికి రెండు బండ్లు నిండాయి. నేను మంగళ, గురువారాలు అక్కడే తెరచాపలకి అతుకులేస్తున్నాను కాబట్టి వెళ్లినప్పుడల్లా దాని మొహం చూడక తప్పడం లేదు. నాన్న మన పెరట్లో దాన్ని కడుతున్నప్పుడు అమ్మ బట్టలారేసే తాడు కూడా విప్పేయాల్సొచ్చింది, అంత పెద్దది. ఈ షెడ్డులో చూస్తే ఎంత చిన్నగా ఉందో. రెండేళ్ల కిందట పడవ అప్పగిస్తూ, ఏటా సెప్టెంబరు పందెంలో చుక్కాని నాకే ఇవ్వాలి అని నువ్వు రాయించుకున్న షరతు కాగితం అద్దం వేసి గోడకి తగిలించారు. కాగితంలో సగం నీ సంతకమే.

ఇక అసలు విషయం. పడవ బాగుచెయ్యడానికి లెలాండ్ ప్రౌటీ అనే వడ్రంగిని పెట్టుకున్నారు. ఉత్తరాది మనిషి, నలభై ఏళ్లుంటాయి, మెత్తగా మాట్లాడతాడు, మాట్లాడే ముందు కొలుస్తాడు. పడవ ముక్కు నుంచి వెనక దాకా దారం లాగి కట్టి రెండు పక్కలా కొలిచాడు. ఎడమ పక్క కుడి పక్కకన్నా మూడంగుళాలు బయటికి ఉంది. వయసు మీద పడి చెక్క ఉబ్బిందని అతని లెక్క. జాకీలు పెట్టి, అడ్డదూలాలు కోసి, ఆ పక్కని లోపలికి లాగి సమం చేస్తానంటున్నాడు. జూలై 20న మ్యూజియం కమిటీ కూర్చుని సరేనంటే మర్నాడే మొదలుపెడతాడు.

ఒక్కటే దారి. పడవని మొదట ఎలా కట్టారో అలాగే ఉంచాలని మ్యూజియం నియమం. కాబట్టి అది పుట్టుకతోనే ఇలా ఉందని, కట్టేటప్పుడు చూసిన మనిషి రాసి సంతకం పెడితే ముట్టుకోరు. నన్నడిగాడు. చిన్నపిల్లని, నాకేం గుర్తుంటుంది అన్నాను. మా అన్నయ్యని అడగండి, ఆయన మొదలుపెడితే ఆపడం మీ పని అని కూడా చెప్పాను.

నీ చెల్లెలు,
వెర్నా

ఇంకో మాట. షెడ్డు కప్పు కారుతోందని పడవ మీద టార్పాలిన్ కప్పారు. నీలం రంగుది. కుర్చీలోంచి లేవకుండా చదువు.


టల్ ఐలండ్,
ఏప్రిల్ 13

వెర్నా,

లేచాను. కుర్చీ పడింది. మీ వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నాకు గుండెపోటు వచ్చిందనుకుంది. నీలం టార్పాలిన్ కప్పారని చెప్తే తనే కూలబడింది. ఈ తీరంలో పుట్టినవాడెవడైనా పడవ దగ్గరికి ఆ అశుభపు నీలం రంగు రానిస్తాడా? పెళ్లైన కొత్తలో మీ వదిన నీలం గౌను వేసుకుని సాగనంపడానికొస్తే రేవు అవతలే నిలబెట్టానని ఇప్పటికీ దెప్పుతుంది. ముందు ఆ దరిద్రాన్ని తీయించు. తర్వాతే మిగతా మాటలు.

ఇక ఉబ్బిందట. ఎవరు ఉబ్బారు? ఆ ప్రౌటీని తన పొట్టకి రెండు పక్కలా దారం కట్టి కొలుచుకోమను. వెర్నా, నీకు తెలియదా? టల్ ఐలండ్‌లో కుక్కలకి కూడా తెలుసు. నాన్న స్కేలు పట్టినవాడా? ఒక కన్ను మూసి, నాలుక బుగ్గలో పెట్టి, రెండో కంటితో చూస్తే అంతే, కొలత అయిపోయినట్టే. ఆ పక్కని కావాలనే నిండుగా కట్టాడు. చలికాలంలో వాయవ్యం గాలి ఉంటుందా, ఆల్చిప్పలు కుప్పబోసుకుని ఇంటికొచ్చేటప్పుడు ఆ గాలి కుడి పక్క నుంచి కొట్టి పడవని ఎడమకి ఒరగదోస్తుంది. ఎడమ పక్క నిండుగా ఉందనుకో, ఒరగదు. అందరూ తెరచాప కుదించుకుని మూలుగుతూ వస్తుంటే నేను రెండు వేళ్లతో చుక్కాని పట్టుకుని బిస్కెట్ తింటూ వచ్చేవాణ్ణి. అది నాన్న రహస్యం. ఇరవై ఎనిమిదేళ్లుగా చెప్తున్నాను, ఇప్పటిదాకా ఎవడూ కాదనలేదు.

దీంతో పాటు కాగితం పెడుతున్నాను. "మా నాన్న క్యాప్టెన్ సెవెర్న్ డైజ్ 1952 మే నెలలో, నా కళ్లెదుట, కావాలనే, ఈ పడవ ఎడమ పక్కని మూడంగుళాలు నిండుగా కట్టాడు" అని రాసి సంతకం పెట్టాను. చర్చి పెద్దని నేను. నా సంతకానికి ఈ జిల్లాలో విలువుంది.

ఈ పడవని సమం చేశాక పందెంలో పట్టుకోమంటే నావల్ల కాదు. ముప్పై ఏళ్లు దాని వంకరకి నా నడుం అలవాటు పడింది. అరవై ఆరేళ్లకి కొత్త పడవ నేర్చుకుంటానా?

నువ్వు కూడా ఓ సంతకం పడెయ్. పెరట్లో నువ్వూ ఉన్నావుగా. ఆ పడవ ఊసెత్తితేనే మొహం తిప్పుకుంటావెందుకో. నీళ్ల మధ్య పుట్టి కడుపులో తిప్పుతుందంటావు. చెప్పుకుంటే సిగ్గుచేటు.

నీ అన్న,
క్యాప్టెన్ నార్వెల్ డైజ్


కార్టర్స్ క్రీక్,
మే 6

క్యాప్టెన్ గారికి,

ముందు మీ ప్రాణం కుదుటపడే వార్త. టార్పాలిన్ మార్చారు. నీలం తగదని చెప్తే లెలాండ్ నవ్వాడు. మూడ్రోజులకి నిచ్చెన మీంచి జారి కాలు బెణికింది. నాలుగో రోజు ఆకుపచ్చది వచ్చింది. నేను అడక్కముందే కుంటుకుంటూ తనే కొనుక్కొచ్చాడు.

ఇక నీ కాగితం సంగతి. లెలాండ్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"వెర్నా గారూ, మీ అన్నగారి మాట నమ్మాలనే ఉంది. కానీ నిన్న పైపలకలు రెండు తీశాను. అడ్డదూలాల మీద మీ నాన్నగారి పెన్సిల్ గుర్తులు కనబడ్డాయి. కుడి పక్క ఎంతో ఎడమ పక్కా అంతే. కావాలని ఒక పక్క ఎక్కువ పెట్టేవాడు గుర్తులు సమంగా ఎందుకు పెట్టుకుంటాడండీ?"

"నాన్నకి గుర్తులు పెట్టే అలవాటే లేదనుకున్నాను" అన్నాను.

"ఉంది. చాలా సన్నగా పెట్టాడు. ఎవరూ చూడకూడదనుకున్నాడేమో."

ఇన్నేళ్లూ నాన్న కంటిచూపు మీదే కట్టాడని చెప్పుకుని గర్వపడ్డాం. ఎవరూ లేనప్పుడు స్కేలు తీసేవాడన్నమాట. నాకు నవ్వాగలేదు. నువ్వు మాత్రం ఈ సంగతి దుకాణం దగ్గర చెప్పకు, ఊరి పరువు పోతుంది.

లెలాండ్ ఇంకోటి అడిగాడు. నార్వెల్ గారు స్వయంగా చూశారా అని. "కళ్లెదుట" అని నువ్వు రాసిన మాట కింద గీత గీసి చూపించాడు. అన్నయ్యా, 1952 మే నెలలో నీ కళ్లు కొరియాలో ఉన్నాయి. అక్కణ్ణుంచి నువ్వు రాసిన ఉత్తరాలు అమ్మ అట్టపెట్టెలో దాచింది, ఆ పెట్టె నా దగ్గరే ఉంది. మే ఉత్తరంలో సైన్యం వాళ్లిచ్చిన బూట్లు కరుస్తున్నాయని రాశావు. నేను లెలాండ్‌కి జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి దారం సూదిలోకి ఎక్కడం లేదన్నట్టు నటించాను.

చర్చి పెద్దవి కదా, ఏం చేద్దామో నువ్వే చెప్పు.

వెర్నా


టల్ ఐలండ్,
మే 12

వెర్నా,

ఒళ్లు కొరియాలో ఉన్నా మనసంతా పెరట్లోనే ఉంది అని రాద్దామనుకున్నాను. మీ వదిన చదివి, ఇంకో అబద్ధం ఎందుకు, పోస్టు ఖర్చు దండగ అంది.

సరే, విను. ఆ రహస్యం నేనల్లిందే. నా చేతి వేళ్లు రెండు తెగిపోయిన ఏడాది, అరవై ఎనిమిది చివర్లో అనుకుంటా, దుకాణం దగ్గర ఎవడో "మీ పడవ ఎడమ పక్క వంకరగా ఉందేం, ఎవరు చెడగొట్టారు" అన్నాడు. నోటికొచ్చింది చెప్పాను. చెప్పాక వినడానికి బాగుందనిపించింది. రెండోసారి వాయవ్యం గాలి కలిపాను. మూడోసారి బిస్కెట్ కలిపాను. మరుసటేడాదికి ఊళ్లోవాళ్లే నాకు చెప్పడం మొదలుపెట్టారు. నాన్న కూడా విన్నాడు. పొగాకు పైపు దులుపుకున్నాడు.

ఆ ప్రౌటీతో చెప్పి నా కాగితం వెనక్కి తీసుకో. పొయ్యిలో వెయ్యి. ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం పట్టుకుని తిరుగుతుంటే అందరూ నన్నే చూస్తున్నట్టుంది.

కానీ పడవ మాత్రం ఉబ్బలేదు. అంతవరకూ ప్రమాణపూర్తిగా నిజం. నేను కొరియా నుంచి తిరిగొచ్చేసరికే అలా ఉంది. ఎలా అయిందో చూసినవాళ్లలో మిగిలింది నువ్వొక్కదానివే. గుర్తున్నది రాయి. ఎలా ఉంటే అలా రాయి. ఏం రాసినా ఎవరూ నిన్ను తినెయ్యరు.

నార్వెల్


(పోస్టు కార్డు. కార్టర్స్ క్రీక్, జూన్ 3)

అన్నయ్యా, గుర్తులేదని చెప్పానుగా. మళ్లీ అడక్కు. అంజూర జామ్ అందింది, చాలా బాగుందని వదినకి చెప్పు.
వెర్నా


టల్ ఐలండ్,
జూన్ 8

వెర్నా,

జామ్ అందిందా? చివరి సీసా చీమలు పట్టి పారేశానని మీ వదిన నాతో చెప్పింది. ఇంట్లో పెద్ద గొడవ అయింది. నీ పుణ్యమా అని రెండ్రోజులు ఎండు రొట్టె తిన్నాను.

ప్రౌటీ ఫోన్ చేశాడు. సగం వినబడింది. జాకీలు వచ్చేశాయట, కొత్త దూలాలకి ఓక్ చెక్క కూడా కొన్నారట. మంచివాడిలాగే ఉన్నాడు, "క్యాప్టెన్, నాకూ ముట్టుకోవాలని లేదు" అన్నాడు. మంచివాడైతే మరీ కష్టం, తిట్టడానికి కూడా ఉండదు.

నేను చెప్పేది ఒకటే. దాన్ని సమం చేస్తే సెప్టెంబర్లో నేను రాను. అలిగి కాదు. రేవులోకి ఏదో పడవ వచ్చి నిలబడుతుంది, దాని మీద అమ్మ పేరుంటుంది, నేను చెయ్యేస్తే అది నాకు తెలియదు. అలాంటి రోజు నాకొద్దు. షరతు కాగితం గోడ మీదే ఉండనీ.

నిన్ను బలవంతపెట్టను. కానీ ఒసేయ్, నువ్వు ఏ విషయమైనా మర్చిపోయావని నా జన్మలో వినలేదు. నీకు ఏడేళ్లప్పుడు నీ బొమ్మ కాలు విరగ్గొట్టానని మొన్న క్రిస్మస్‌కి కూడా అన్నావు.

నార్వెల్


కార్టర్స్ క్రీక్,
జూలై 2

అన్నయ్యకి,

బొమ్మ పేరు ఎస్తర్. విరిగింది ఎడమ కాలు.

గుర్తుంది. అంతా గుర్తుంది. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది, మళ్లీ చదవకుండా పోస్టు డబ్బాలో వేసేస్తాను.

ఆ మే నెలలో పీతలు పెంకు విడిచే రోజులు. రేవు దగ్గర పెట్టెల్లో పీతల్ని నాలుగు గంటలకోసారి చూడాలి, మెత్తబడ్డదాన్ని వెంటనే తీయకపోతే పక్కవి తినేస్తాయి. ఆ పని నాది. పదేళ్లదాన్నైనా ఆ పనిలో నాకు పేరుంది. ఆ పూట నాన్న పడవ అడ్డదూలాల మీద సన్నటి పొడవాటి బద్ద పరిచి, వంచి, మేకులు కొడుతున్నాడు. ఆ బద్ద వెంట గీత గీస్తాడు, ఆ గీత దగ్గర దూలాలు కోస్తాడు, పడవ పక్క అదే. కుడి పక్క అప్పటికే కోసేశాడు. ఎడమ పక్క బద్ద కొడుతుండగా మేకులు అయిపోయాయి. "మధ్యలో చేత్తో అదిమి పట్టుకో, ఇప్పుడే వస్తా" అని దుకాణానికి వెళ్లాడు. నీకు తెలుసుగా, నాన్న మేకులకి వెళ్తే మేకులే తెస్తాడని లేదు, ముందు అందరి కబుర్లూ అవ్వాలి.

చాలాసేపు పట్టుకున్నాను. పీతల వేళ అయింది. వదిలేసి పరిగెత్తాను. వెనక టప్పున చప్పుడైంది. పీతలు చూసి తిరిగొచ్చేసరికి బద్ద లేచిపోయి ఉంది, మేకులు ఊడి కింద పడ్డాయి. భయమేసింది. ఆ మేకులే ఏరి, రాయితో సాగ్గొట్టి, బద్ద మళ్లీ పరిచి కొట్టాను.

ఇన్నేళ్లూ నాకు నేను ఏం చెప్పుకున్నానంటే, భయంలో చెయ్యి జారింది, బద్ద పక్కకి పోయింది అని. అది నిజం కాదన్నయ్యా. మేకు కొట్టే ముందు వెనక్కి నిలబడి నాన్నలాగే ఒక కన్ను మూసుకుని చూశాను. నాన్న పెట్టిన చోటు గుర్తుంది. అక్కడ పెట్టి చూశాను, కొంచెం బక్కగా అనిపించింది. బయటికి జరిపాను. బాగుందనిపించింది. ఇంకాస్త జరిపాను. ఇంకా బాగుంది. అప్పుడు కొట్టాను. తెలియక చేస్తే తప్పు చిన్నది. నేను చూసి, నచ్చి చేశాను.

నాన్న వచ్చాడు. చుట్టూ తిరిగాడు. పెన్సిల్ చెవిలోంచి తీసి గీత గీశాడు, రంపం తీశాడు. ఆయన కనిపెట్టలేదు, నేను చెప్పలేదు. ఇదీ జరిగింది.

ఇందులో నవ్వుకోవడానికి కూడా ఉంది, నాకు తెలుసు. కానీ అరవై ఎనిమిది ఫిబ్రవరిలో నీ చెయ్యి తాడు చుట్టే వించి యంత్రంలో పడి వేళ్లు పోయినప్పుడు నేను ఆసుపత్రికి వచ్చాను. నీ గది బయట వరండాలో ఉన్నాను. లోపల నువ్వు నాన్నతో అరుస్తున్నావు. "నీ వంకర పడవే నా వేళ్లు తినేసింది. ఉన్నట్టుండి ఆ దిక్కుమాలిన పక్కకి మునిగింది, చెయ్యి జారింది" అన్నావు. తెచ్చిన పది పొరల కేకు బల్ల మీద పెట్టి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాను. అది ఎవరు తెచ్చారో మీకెవరికీ తెలియలేదు. అప్పట్నుంచీ ఆ పడవ మీద కాలు పెట్టలేదు. కడుపులో తిప్పడం నిజమే, నీళ్ల వల్ల కాదు.

కమిటీకి రాస్తాను. పడవని చెడగొట్టింది నేనేనని రాస్తాను. నీ వేళ్ల సంగతి రాయను, అది నీకే చెప్తున్నాను. తిట్టాలంటే ఉత్తరంలోనే తిట్టు, ఫోన్ చేయకు.

వెర్నా


టల్ ఐలండ్,
జూలై 6

వెర్నా తల్లీ,

ఆ కేకు నర్సులు తినేశారు. నాకు ఒక్క ముక్క పెట్టారు. ఎవరు తెచ్చారని అప్పుడే అడగాల్సింది, నా బుద్ధి గడ్డి తిన్నది.

ముందు నా వేళ్ల సంగతి. ఇది మీ వదినకి కూడా తెలియదు, ఇప్పుడు భుజం మీంచి చదువుతోంది కాబట్టి తెలుస్తుంది. ఆ రోజు హార్వీ పార్క్స్ పడవని దాటేశాం. వెనక్కి తిరిగి వాడికి చెయ్యూపుతూ ఒక మాటన్నాను. ఏమన్నానో రాయను. వాడూ ఒకటన్నాడు. దానికి బదులు చెప్దామని ఇంకా వంగాను. రెండో చెయ్యి వించి తాడు మీద ఉంది. పడవ ఎటూ ఒరగలేదు, మునగలేదు. గాలి కూడా అంతంతమాత్రమే ఆ పూట. నా నోటి దురదకి వేళ్లు పోయాయి. పెళ్లాం పిల్లల ముందు అది చెప్పుకోలేక పడవ మీదికి తోశాను.

వెర్నా, నువ్వు వరండాలో ఉన్నావని నాకు తెలియదు. తెలిసుంటే ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు దాన్ని మోశావని నిన్న చదివి, ఉత్తరం బల్ల మీద పెట్టి, రేవు దాకా నడిచి వెళ్లి వచ్చాను. క్షమించు. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

ఇంకో అయిదు నిమిషాలు అక్కడే నిలబడి ఉంటే నాన్న చెప్పిన జవాబు కూడా వినేదానివి. నేను అరవడం అయ్యేదాకా ఊరుకుని, తలుపు మూసొచ్చి కూర్చున్నాడు.

"పడవనేమీ అనకు. ఆ పక్క కట్టింది చిన్నది" అన్నాడు.

"ఏ చిన్నది?"

"మన చిన్నది. వెర్నా. దూలాల మీద రెండు వరసల మేకు రంధ్రాలున్నాయి. ఒకటి నాది. వంకర మేకులతో కొట్టింది దానిది. నేను దుకాణం నుంచి రాగానే చూశాను."

"చూసి మరి ఎందుకు కోశావు నాన్నా?"

"మూడుసార్లు చుట్టూ తిరిగాను. వెనక్కి జరుపుదామని బద్ద మీద చెయ్యేశాను. జరపబుద్ధి కాలేదురా. నేను పెట్టింది బాగానే ఉంది. అది పెట్టింది అంతకన్నా బాగుంది."

"అలాగైతే రెండో పక్కా అలాగే చేసుండొచ్చుగా" అన్నాను.

"కుడి పక్క అప్పటికే కోసేశాను. మూడంగుళాలు జిగురు పెట్టి అతికించమంటావా?" అన్నాడు. నవ్వాడు కూడా. నాన్న నవ్వడం నేను చూసింది ఏ నాలుగైదుసార్లో.

తన రంధ్రాల్లో దేవదారు కొయ్య మేకులు బిగించి, చెక్కతో సమంగా కోసేశాడట, ఎవరికీ కనబడకుండా. ప్రౌటీని మధ్య దూలం మీద, గీతకి మూడంగుళాలు లోపల, వేలితో తడిమి చూడమను.

మరి దానికి ఎందుకు చెప్పలేదు అనడిగాను. "చెప్తే ఏం చేస్తుంది? ఈ దీవిలో ఆడపిల్ల చేతికి ఎవడు రంపమిస్తాడు? నాకన్నా మంచి కన్నుందని తెలిసి, అది వాడుకోవడానికి చోటు లేకపోతే ఇంకా బాధ. నువ్వూ చెప్పకు" అన్నాడు. అది సరికాదని నాకు అప్పుడే అనిపించింది. అయినా మాటిచ్చాను. అందుకే దుకాణం దగ్గర వాడెవడో ఎవరు చెడగొట్టారు అంటే ఆ కథ అల్లాను. ఇంకెవరూ ఆ మాట అడగకూడదని అంత గట్టిగా, అన్నేళ్లు చెప్పాను. గొప్పలు పోవడం నాకిష్టమే, కాదనను. కానీ ఆ ఒక్క గొప్ప నా కోసం కాదు. మొన్న కమిటీకి దొంగ కాగితం పంపిందీ అందుకే, నీతో రాయించకుండా గట్టెక్కిద్దామని.

ఇప్పుడు మాట తప్పాను. పైన నాన్నతో నేను తేల్చుకుంటాను.

కమిటీకి రాయి. కానీ చెడగొట్టానని రాశావంటే ఊరుకోను. ఆ పక్క మీద ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి, నాకన్నా దాని సంగతి ఎవరికి తెలుసు? వాయవ్యం గాలి నేనల్లిన కథే, కానీ పడవ నిజంగానే ఆ గాలికి ఒరిగేది కాదు. బిస్కెట్ కూడా నిజమే.

నీ అన్న,
నార్వెల్

మీ వదిన నాతో మాట్లాడటం లేదు. హార్వీతో ఏమన్నానో చెప్తేగానీ మాట్లాడదట.


కార్టర్స్ క్రీక్,
జూలై 21

అన్నయ్యకి,

నీ ఉత్తరం తెరచాప కింద కూర్చుని చదివాను. ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. నీ మీద కాదు, నీ మీద తర్వాత వస్తుంది. నాన్న మీద. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కాలర్లు కత్తిరించాను. అచ్చు పెట్టుకోకుండా కంటితో కోసేదాన్ని. సూపర్‌వైజరు మొదట్లో కొలిచేవాడు, తర్వాత కొలవడం మానేశాడు. పడవని చెడగొట్టిన కన్నే కదా, ఇది అబద్ధపు నైపుణ్యమని, ఏదో ఒకరోజు బయటపడుతుందని భయపడుతూనే కోశాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ భయమైనా తప్పేది. పడవలు కట్టనిచ్చేవాళ్లు కాదేమో. అడిగి లేదనిపించుకునేదాన్ని కదా. అది కూడా నా దాకా రానివ్వలేదు. మంచి మనసుతోనే చేశాడని తెలుసు. అయినా కోపం పోలేదు, ఇంకొన్నాళ్లు ఉంచుకుంటాను.

లెలాండ్‌ని మధ్య దూలం దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లజోడు పైకెత్తి, వేలితో తడిమి, కత్తి మొనతో గీకాడు. ఎర్రగా దేవదారు కనబడింది. అలాంటివి ఏడు దొరికాయి. బయటి వరస రంధ్రాలు ఒక్కటీ నిటారుగా లేవు. లెలాండ్ ఇంకా కుంటుతూనే షెడ్డు చివరికి వెళ్లి, ఒక కన్ను మూసుకుని పడవని చూశాడు. వెనక్కొచ్చి, "నేను దారంతో చూశానండీ, అదీ పొరపాటు" అన్నాడు. అతని చేతిలో పెన్సిల్ నాకిచ్చి, వచ్చే నెల వేరే పడవకి పక్క గీయాలి, వచ్చి చూసి పెడతారా అనడిగాడు. ఆలోచించుకుని చెప్తానన్నాను. ఆలోచించలేదు. వెళ్తాను.

నిన్న కమిటీ కూర్చుంది. నా కాగితం చదివారు. జాకీలు వెనక్కి పంపేస్తున్నారు. సెప్టెంబర్లో నువ్వు రావాలి, చుక్కాని పట్టే నీ రెండు వేళ్లూ అవసరమవుతాయి.

నువ్వు ఊరుకోనన్నావు కాబట్టి చెడగొట్టానని రాయలేదు. ఏం రాశానో నకలు పెడుతున్నాను, దుకాణం దగ్గర చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా కలపకు.

"1952 మే నెలలో, టల్ ఐలండ్‌లో మా పెరట్లో, ఈ పడవ కుడి పక్క మా నాన్న సెవెర్న్ డైజ్ కట్టాడు. ఎడమ పక్క గీత నేను పెట్టాను. అప్పుడు నాకు పదేళ్లు. కంటితో చూసి, బాగుందని పెట్టాను. ఆయన చూసి ఒప్పుకున్నాడు. సరిచేయనక్కర్లేదు.

వెర్నా డైజ్"